మీటరు మీది మొగుడు

ఆక్సిజన్ మిషన్ ఉన్న ఇంట్లో దాని చప్పుడు ఎవరికీ వినపడదు. ఆగితేనే వినపడుతుంది. ఆ మధ్యాహ్నం నేను ముందు గదిలో ఒక పెళ్లి బ్లౌజుకు చేతులు కుడుతున్నాను. ఒక్కసారిగా ఇల్లు మూగబోయింది. కరెంటు పోయిందేమోనని పైకి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కత్తెర ఎక్కడ పడేశానో తెలియదు, లోపలికి ఉరికాను. అవ్వ మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుంది. ముక్కులో ఉండాల్సిన గొట్టం మెడలో వేలాడుతోంది. పెదవులు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. వేలు ఇంకా మిషన్ స్విచ్చు మీదే ఉంది.

“ఎందుకు బంద్ చేసినవే?”

“జరంతసేపే బిడ్డా. మీటరు ఉర్కుతుంది.”

“ఉర్కనియ్యి! నీకు దమ్ము కావాల్నా, బిల్లు కావాల్నా?”

“మెల్లగ మాట్లాడరాదె? వాడకట్టంత వింటది.”

స్విచ్చు వేసి, గొట్టం ముక్కుకు పెట్టి, వేలికి తొడిగే చిన్న యంత్రంలో ఆక్సిజన్ అంకె పైకి ఎక్కేదాకా ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బాపు అనేవాడు. అవును, ఉంటుంది. కన్నతల్లి కళ్ల ముందు ఊపిరి తీసుకోవడంలో పొదుపు చేస్తుంటే రాక ఎక్కడికి పోతుంది?

మాది వేములవాడకు దగ్గర్లో ఉన్న నేత పట్నం. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. బాపు సాంచాలు నడిపితే, అవ్వ అదే షెడ్డులో ఒక మూల కూర్చొని కండెలకు దారం చుట్టింది. ముప్పై ఏండ్లకు పైగా ఆ నూలు దుమ్ము మింగింది. “ఈ ఊపిరితిత్తులు ఇక వాటంతట అవి సరిపోవమ్మా, మిషన్ రాత్రీ పగలూ నడవాలి” అని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. నన్ను బయటికి పిలిచి ఇంకో మాట కూడా చెప్పాడు. “మాటిమాటికీ ఆపితే ఒకరోజు గుండె తట్టుకోదు.”

మిషన్ రాకముందు మాకు కరెంటు బిల్లు సున్నా వచ్చేది. రెండు వందల యూనిట్ల లోపు కాల్చే ఇంటికి ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది కదా. మా ఇంట్లో ఏముంది, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, నా కుట్టుమిషను. ఆక్సిజన్ మిషన్ వచ్చిన నెలే ఆ గీత దాటాం. గీత దాటితే దాటినంత వరకే కాదు, మొత్తానికీ కట్టాలి. అవ్వకు చదువు రాదు కానీ సున్నాను గుర్తుపడుతుంది. ఆ నెల బిల్లును అటు తిప్పి ఇటు తిప్పి “సున్న ఏదే?” అని అడిగింది. అప్పుడు మొదలైంది ఈ దొంగతనం.

మీటరు వాకిట్లో, ఆమె మంచం మీద నుంచి కనపడేచోటే ఉంది. అందులో ఒక ఎర్రలైటు మిణుకుమంటుంటుంది. మిషన్ నడిస్తే తొందర తొందరగా, ఆపితే మెల్లగా. అవ్వ పొద్దంతా దాన్నే చూసేది. నేను కూరగాయలకు పోయి వచ్చేసరికి ఆమె పెదవుల రంగును బట్టి ఎంతసేపు ఆపిందో చెప్పగలిగేదాన్ని. చివరికి బజారుకు పోవడమే మానేశాను. బ్లౌజులు ఇవ్వడానికి వచ్చినవాళ్లతో ఒక చెవి లోపలికి పెట్టి మాట్లాడేదాన్ని. “ఏందక్కా, కొలత రెండుసార్లు చెప్పిన, మళ్ల అడుగుతున్నవు” అని ఒకామె విసుక్కుంది కూడా.

సోలార్ ప్లేట్ల మాట తెచ్చింది మా మేనబావ. దుబాయిలో చాలా ఏండ్లు కరెంటు పని చేసి వచ్చి, ఇప్పుడు ఇక్కడ ఇళ్ల మీద ప్లేట్లు బిగిస్తున్నాడు.

“అత్తా, నీ డాబా మీద గింత ఎండ ఉత్తగ పోతుంది” అన్నాడు అవ్వ మంచం పక్కన కూర్చుని. “ప్లేట్లు పెడ్త. పగటీలి నువ్వు వాడుకోంగ మిగిలిన కరెంటు లైన్లకు పోతది. రాత్రికి గదే మళ్ల నీకొస్తది. సర్కారు సబ్సిడీ ఇస్తది, నీ ఖాతాలనే పడ్తది. ఇగ మిషన్ రాత్రిపగలు నడుపుకో.”

“అంటే మీటరు ఎనుకకు ఉర్కుతదా?”

“గట్లనే అనుకో.”

“మరి కరెంటు పోతే?”

“పోతే ప్లేట్లు గూడ బంద్. లైన్ మీద మనుషులు పని చేస్తుంటరు గదత్తా. మన కరెంటు పోయి వాళ్లను కొట్టద్దు.”

“గట్లనా! ఇగ సూర్యుడు గూడ లైన్‌మెన్‌ను అడిగి రావాల్నన్నట్టు.”

బావ పడీపడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. కరెంటు పోయినప్పటికి మా దగ్గర ఒక చిన్న సిలిండర్ ఉండనే ఉంది. నాకు కావాల్సింది అది కాదు. ఆ ఎర్రలైటు భయం అవ్వ కళ్లలోంచి పోవాలి, ఆ చెయ్యి స్విచ్చు వైపు పోకుండా ఉండాలి. “ఎండకు బిల్లు లేదు గదా, పెట్టుండ్రి” అని అవ్వ కూడా ఒప్పుకుంది. బావ డాబా ఎక్కి కొలతలు తీసుకున్నాడు. కిందికి దిగి కాగితాలు అడిగాడు. అక్కడ వచ్చి పడింది చిక్కు.

కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడింట్లోనూ ఒకే పేరు ఉండాలట. మిగతావన్నీ అవ్వ పేరున ఉన్నాయి, మీటరు మాత్రం బాపు పేరున ఉంది. బాపు పోయి ఏడేండ్లు. “ఏం ఫికర్ లేదు, డెత్ సర్టిఫికెట్ పెడితే అత్త పేరు మీదికి మారుస్తరు” అన్నాడు బావ. నేను డెత్ సర్టిఫికెట్ తీసి బిల్లు పక్కన పెట్టి చూశాను. నెత్తి పట్టుకొని కూర్చున్నాను.

మా దిక్కు సగం మంది మగవాళ్లకు వేములవాడ దేవుని పేరే. ముందు ముక్క అందరికీ ఒక్కటే, చివర మాత్రం వేరు. ఒకరికి ‘అయ్య’, ఒకరికి ‘ఏశం’, ఒకరికి ‘లింగం’, ఒకరికి ‘మల్లు’. డెత్ సర్టిఫికెట్‌లో మా బాపు పేరు చివర ‘ఏశం’ ఉంది. అదే అసలు పేరు. బిల్లు మీద ‘అయ్య’ ఉంది.

ఆ తప్పు అవ్వదే. మీటరు పెట్టిన రోజుల్లో బాపు మహారాష్ట్రలోని భివండిలో సాంచాలు నడుపుతున్నాడు, నేను తొట్టెలలో ఉన్నాను. కరెంటు ఆయన వచ్చి “ఇంటాయన పేరేందమ్మా?” అని అడిగాడు. మా దగ్గర ఆ తరం ఆడవాళ్లు మొగుని పేరు నోట పలకరు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. తన బదులు చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని “వేములవాడ దేవుని పేరే సారూ” అంది. ఆయన ఎక్కువమందికి ఉండే పేరేదో అదే రాసుకొని పోయాడు.

భివండి నుంచి వచ్చిన బాపు మొదటి బిల్లు చదివి, నడి వాకిట్లో నిలబడి అరిచాడట. “ఎవడే గీ అయ్య? నేనాడ సాంచాలు కొట్టుకుంటుంటే నువ్వీడ ఇంకోన్ని తెచ్చుకున్నవా?” అవ్వ చేతిలో ఉన్న కండె విసిరిందట. అప్పటి నుంచి మా ఇంట్లో అదొక తమాషా అయిపోయింది. నెలనెలా బిల్లు రాగానే బాపు లోపలికి కేకేసేవాడు. “ఏమే, మీటరు మీది నీ మొగుడొచ్చిండు, చాయ్ పొయ్యి!” అవ్వ చీపురు ఎత్తేది. దాన్ని మార్పించుకోవాలని ఎవ్వరికీ తోచలేదు. నవ్వుకోవడానికి ఇంట్లో ఒకటి దొరికితే ఎవరు మార్పించుకుంటారు?

నేను ఆ పట్టింపులు పెట్టుకోలేదు. మా ఆయన మస్కట్‌లో డ్రైవరు. ఫోన్లో ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను. నేను పిలిచినప్పుడల్లా అవ్వ ముఖం మాడ్చుకునేది. “దూరాన ఉన్నోడు. పేరు వెట్టి పిలువకు పిల్లా” అనేది. పాతకాలం మనిషి అనుకొని నవ్వి ఊరుకునేదాన్ని. అందులో ఇంకేమైనా ఉందేమోనని ఒక్కసారి కూడా అడగలేదు.

కరెంటు ఆఫీసులో ఏఈ సారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశాడు. చెడ్డ మనిషి కాదు. అందుకే ఆయన మీద అరవడానికి నాకు వీలు దొరకలేదు.

“మీ ఇంటి పేరుతోని, గీ ‘అయ్య’ పేరుతోని మీ వాడల ఇంకొకాయన ఉన్నడు గదమ్మా” అన్నాడు. “రేపు ఆయన కొడుకులొచ్చి, మా అయ్య మీటరు ఎట్ల మార్చినవని నన్ను నిలదీస్తె?”

“ఆయన మీటరు ఆయనకుంది సార్. గిది మాది.”

“నాకు తెలుసు. కాగితానికి తెల్వది. నోటరీ చేపియ్యి, ఇద్దరు సాక్షులను తే. మీ అవ్వను గూడ తీస్కరా. ఆమె నోటితోని చెప్పాలె.”

“ఆమెకు దమ్ము అందది సార్. కాగితం మీద వేలిముద్ర వేయిస్త.”

“వేలిముద్రలే నమ్మి ఒకసారి పరేషానైన. ఒక ముసలమ్మతోని ముద్ర వేయించి, ఆమెకు తెల్వకుండ మీటరు మార్చుకున్నరు పాలోళ్లు, సొంత దాయాదులే. అప్పటిసంది నేను మనిషి నోట వింటెనే సంతకం పెడ్త. ఒక్క పేరు చెప్తె అయిపాయె, ఎంతసేపమ్మా?”

ఒక్క పేరు. బయటికి రాగానే బావ ఇంకో పిడుగు వేశాడు. “జల్ది కానియ్యి మరదలా. మన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకొక్క ఇంటి ప్లేట్లకే జాగ ఉందట. శుక్రవారం దాటితే ఎనుక లైన్ల ఉన్నోళ్లకు పోతది. మళ్ల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడు పెడ్తరో ఆ దేవునికే ఎరుక.” అప్పటికి సోమవారం.

బుధవారం అవ్వను ఆటోలో తీసుకుపోయాం. చిన్న సిలిండర్ నా ఒళ్లో, గొట్టం ఆమె ముక్కులో. ఆ సిలిండర్ నిండుగా ఉంటే గంటన్నర వస్తుంది. పోవడానికి పావుగంట, రావడానికి పావుగంట. ఆఫీసు మెట్ల మీదే ఆమె మూడుసార్లు ఆగింది.

ఏఈ సారు లేచి కుర్చీ జరిపాడు. బావ, పక్కింటి పెద్దమనిషి సాక్షులుగా నిలబడ్డారు. “నువ్వు మాట అందియ్యద్దు” అని నాకు వేలు చూపించాడు సారు, పరీక్ష గదిలో పంతులు చెప్పినట్టు.

“అవ్వా, నీ భర్త పేరు చెప్పు.”

అవ్వ నా వైపు చూసింది. తల దించుకుంది.

“భయం లేదు, చెప్పు.”

“వేములవాడ దేవుని పేరే సారూ.”

ఆయన నుదురు కొట్టుకున్నాడు. “గా మాటతోనే గదమ్మా గీ పంచాయితంత! దేవుడు ఒక్కడే, చివర్లు పది. మీ ఆయనది ఏ చివర?”

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను సిలిండర్ ముల్లు చూస్తున్నాను. సగం దాటి కిందికి దిగుతోంది. గోడ గడియారం ఒకటే కొట్టుకుంటోంది. వెనక ఎవరో “ఇంకెంతసేపు సార్” అని గొణిగారు. నా నాలుక చివర బాపు పేరు నిలబడి ఉంది, అనెయ్యడం ఒక్క క్షణం, కానీ నేనంటే పని చెడుతుంది. “చెప్పవే అవ్వా” అన్నాను. సారు నన్ను గుడ్లురిమి చూశాడు.

ఆమె పెదవులు కదిలాయి. మొదటి అక్షరం బయటి దాకా వచ్చింది, నేను చూశాను. అప్పుడు ఆమె తల తిప్పి నా ముఖం చూసింది. వచ్చిన అక్షరాన్ని మింగేసింది.

“నన్ను ఇంటికి తీస్కపో బిడ్డా.”

“శుక్రవారం దాక మీ జాగ ఆపుత” అన్నాడు సారు. “అంతకంటె నాతోని కాదు.”

ఆటోలో నా నోరు ఆగలేదు. “బాపు పోయి ఏడేండ్లాయె. ఇంకెవని ఆయుష్షు తగ్గుతదే? నువ్వు చెప్పకుంటె లేచొస్తడా? నీకు సావాలని ఉంటె సక్కగ చెప్పు, గీ ఉర్కులాట బంద్ చేస్త!” ఆటో అతను అద్దంలోంచి చూసి మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. ఆ మాటలు ఎట్లా అన్నానో ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఇంటికి వచ్చి మిషన్ వేశాను. ఆమెను పడుకోబెట్టి నేను గడపలో కూర్చున్నాను. అవ్వ గోడ వైపు చూస్తూనే అంది.

“పిలిచిన.”

“ఏంది?”

“మీ బాపును. పేరు వెట్టి. ఒక్కసారి.”

బాపు ఎట్లా పోయాడో నాకు తెలుసనుకున్నాను. సాంచం దగ్గర గుండె ఆగి పడిపోయాడు. నేను అప్పుడు అత్తగారింట్లో ఉన్నాను. అందరూ అంతే చెప్పారు, డాక్టరు కూడా అదే రాశాడు.

“ఆయన మెడల తువ్వాల జారి బెల్టుకు చిక్కవోతుంది” అంది అవ్వ, మధ్యమధ్య ఊపిరి పోగేసుకుంటూ. “నేను కండెల కాడ ఉన్న. ‘ఓయ్’ అన్న. ‘ఇగో’ అన్న. గా సప్పుడుల ఏం ఇనవడ్తది? తువ్వాల అంచు బెల్టుకు తాకింది. ఇగ నా నోట్లకెల్లి పేరొచ్చింది. నాకే తెల్వకుండ వచ్చింది. ఇనవడ్డది. తిరిగి సూసిండు. పెండ్లయినసంది మొదటిసారి గదా, నవ్విండు గూడ. తువ్వాల గుంజుకున్నడు. నా దిక్కు రెండడుగులు ఏసిండు. గంతే. నిలువున గూలిండు.”

నేను లేచి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

“అవ్వా, గుండె నరాలు ఎప్పుడో మూసుకపోయినయన్నడు డాక్టరు. నువ్వు పిలిచినందుకు కాదు.”

“డాక్టరు ఆడ ఉన్నడా?” అంది. “నేనున్న.”

ఏడేండ్లుగా ఈ మాట కడుపులో పెట్టుకొని, నెలనెలా బిల్లు వస్తే దాని మీది పేరుకు నవ్వి, ఒక్కతే మోసింది. “వద్దు” అన్నాను. “ప్లేట్లు వద్దు, ఏం వద్దు. ఇంకో నాలుగు బ్లౌజులు ఎక్కువ కుడ్త. నువ్వు స్విచ్చు ముట్టకు, నాకంతే చాలు.” ఆమె కళ్లు మూసుకుంది. ఒప్పుకున్నదనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం నా కుట్టుమిషను మోటారు నడుస్తున్నప్పుడు అవ్వ తన మిషన్ ఆపేసింది. నాకు వినపడదని ఆ సమయం చూసుకుంది. పొడుగు కుట్టు అయిపోయి నేను కాలు తీసేసరికి ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఎంతసేపటి నుంచి లేదో తెలియదు. కత్తెర చేతిలో పట్టుకునే ఉరికాను, గడప తట్టుకొని బోర్లా పడ్డాను, అరచెయ్యి తెగింది. దాన్ని చూసుకోలేదు. అవ్వ తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. స్విచ్చు వేశాను, గొట్టం పెట్టాను, వేలి యంత్రం తొడిగితే అది అంకె చూపించడానికే తడుముకుంటోంది. “అవ్వా! అవ్వా!” అని చెంపలు కొట్టాను. ఆమె చెంపల మీద ఎర్రగా అంటుతోంది. ఆమెకేం తగిలిందోనని ఇంకా భయపడ్డాను. నా రక్తమే అది.

అంకె మెల్లగా ఎక్కింది. ఎంతసేపు పట్టిందో నాకు గుర్తు లేదు, వాకిట్లో మీటరు లైటు తొందర తొందరగా కొట్టుకోవడం మాత్రం గుర్తుంది. అవ్వ కళ్లు తెరిచి మొదట నా చెయ్యి చూసింది. చెంప తుడుచుకొని తన వేళ్లు చూసుకుంది. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. కోపం, భయం, ఏది ఏదో తెలియడం లేదు. “నువ్వు పోతే పో, నన్ను గూడ తీస్కపో” అన్నాను. ఆమె తన కొంగు చించి నా అరచేతికి కట్టింది. ముడి వెయ్యడానికి వేళ్లలో బలం లేదు, పళ్లతో బిగించింది.

“రేపు ఆటో పిలువు” అంది.

శుక్రవారం ఆఫీసు గుమ్మం దగ్గర ఆగి, నా చేతిలోంచి సిలిండర్ తీసి బావ చేతికి ఇచ్చింది.

“నువ్వు లోపలికి రాకు.”

“సారు నన్ను మాట్లాడద్దన్నడు గని, రావద్దనలే గదా.”

“నేనంటున్న. బయట గూడ ఉండకు. గేటు అవుతలికి పో. రోడ్డు దాటి నిలవడు.”

“గంత దూరమెందుకే?”

“చెప్పింది చెయ్యరాదె, ఒక్కసారన్న!”

సిగ్గుపడుతోందనుకున్నాను. కన్నబిడ్డ ముందు మొగుని పేరు చెప్పడానికి నామోషీ అనుకున్నాను. రోడ్డు దాటి చాయ్ హోటల్ ముందు నిలబడ్డాను. అక్కడి నుంచి ఆఫీసు గుమ్మం కనపడుతుంది, కిటికీ కనపడుతుంది, మాట వినపడదు. అవ్వ గుమ్మంలో ఆగి, నేను అవతల ఉన్నానా లేదా అని చూసుకొని లోపలికి పోయింది.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. నాకు ముల్లు కనపడదు, సిలిండర్ లోపల ఉంది. ఎంత మిగిలిందో ఊహించుకుంటూ నిలబడ్డాను. హోటలాయన “చాయ్ తాగుతరా?” అంటే వినపడనట్టు ఊరుకున్నాను. మళ్లీ దేవుని పేరే అంటుందేమో. మళ్లీ కొంగు నోట్లో కుక్కుకుంటుందేమో. కట్టు కింద అరచెయ్యి సలుపుతోంది. లోపలికి పోవాలని రెండుసార్లు అడుగు వేసి, రెండుసార్లు వెనక్కి తీసుకున్నాను. చెప్పింది చెయ్యమంది కదా, ఒక్కసారన్న అంది కదా.

ఉన్నట్టుండి అవ్వ గుమ్మంలోకి వచ్చింది. ముక్కుకు గొట్టం లేదు. వెనక బావ సిలిండర్ పట్టుకొని “అత్తా, ఆగు, ఆగత్తా!” అని వస్తున్నాడు. మంచం దిగడానికే ఆయాసపడే మనిషి గేటు దాకా వచ్చేసింది. కళ్లు రోడ్డు అవతల వెతుకుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఒక ఇసుక లారీ మా ఇద్దరి మధ్యకు వచ్చి, ముందు బండి కదలక అక్కడే ఆగింది. నాకు ఆమె కనపడలేదు. ఆమెకు నేను కనపడలేదు. లారీ అవతల నుంచి ఒక అరుపు వినపడింది. నా పేరు. ఆ గొంతులో అంత బలం ఉందని నాకు తెలియదు.

లారీ వెనక నుంచి చుట్టి ఉరికాను. అవ్వ గేటు ఊచ పట్టుకొని కిందికి జారుతోంది. నన్ను చూసి రెండు చేతులతో నా ముఖం పట్టుకుంది. భుజాలు తడిమింది, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది.

“మంచిగనే ఉన్నవా?”

“నాకేమైతదే?”

“నీకేం గాలేదు గదా బిడ్డా? చెప్పిన. గట్టిగ చెప్పిన. నీకేం గాలేదు గదా?”

అప్పుడు అర్థమైంది నాకు. బుధవారం నోటి దాకా వచ్చిన అక్షరాన్ని నా ముఖం చూసి ఎందుకు మింగిందో, ఈరోజు నన్ను రోడ్డు దాటించి ఎందుకు నిలబెట్టిందో. చచ్చిపోయిన మనిషి కోసం కాదు ఆమె భయపడింది. ఆ పేరు పలికినప్పుడు తన ప్రాణంలాంటి మనిషి ఎదురుగా ఉంటే పోతారని. ఎదురుగా నేనున్నాను. ఊపిరి ఆపుకొని పోవడానికైనా సిద్ధపడింది కానీ, నా ముందు ఆ మాట అనలేకపోయింది. ఆటోలో నేను ఆమెను ఏమన్నానో గుర్తొచ్చింది.

“ఏం గాలే అవ్వా. సూడు, మంచిగున్న” అన్నాను. బావ అందించిన గొట్టం ఆమె ముక్కుకు పెట్టాను. ఆమె రెండు దమ్ములు తీసుకొని, “మస్కట్‌కు ఒక ఫోన్ చెయ్యి” అంది. “ఆయన ఎట్లున్నడో గూడ అడుగు.” అక్కడే గేటు దగ్గర కూర్చుని ఫోన్ చేశాను. పగటి పూట డ్యూటీలో ఫోన్ ఎందుకు చేశావని ఆయన కంగారుపడ్డాడు. “ఊరికెనే, ఎట్లున్నవో అని” అన్నాను. పేరు పెట్టి పిలవలేదు.

లోపల ఆమె ఏం చెప్పిందో నేను వినలేదు. ఇంటి పేరుతో సహా చెప్పిందని, సారు లేచి నిలబడి సంతకం పెట్టాడని బావ చెప్పాడు. ఆమె నా కోసం ఒక్కసారి పలికిన ఆ పేరును నేను కాగితం మీద రాయను.

ప్లేట్లు ఎక్కాయి. కొత్త మీటరు వచ్చింది. మరుసటి నెల బిల్లాయన గేటు దగ్గర నిలబడి అవ్వ పేరు పెట్టి పిలిచాడు. ఆమెకు అర్థం కాక ఇటూ అటూ చూసింది, తర్వాత “ఆ, ఉన్న” అంది. బిల్లు తెచ్చి చేతిలో పెట్టాను. దాని మీద వేలు పెట్టి, పాత పేరు ఉండేచోట తడిమింది.

“మీటరు మీదోడు గూడ పోయిండు” అంది. “ఇగ మీ బాపు ఎవన్ని జూసి లొల్లి వెడ్తడే?”

నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. నేను వీపు నిమురుతూ ఆమె చేతినే చూస్తున్నాను. అది స్విచ్చు వైపు పోలేదు.